కాలిచ్చినోడి బిడ్డ చదువు బిచ్చమా, బాకీనా?

మెరిట్ మీద గంటల తరబడి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల్ని ఒక మాట అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంజనీరింగు సీట్లలో సైనికుల పిల్లలకు 2 శాతం కోటా ఉంది. కౌన్సెలింగులో దాన్ని క్యాప్ కోటా అంటారు. ర్యాంకు వెనకున్నా ఆ కోటాలో సీటొస్తుంది. అయ్యలారా, దాన్ని చూసి ఏనాడైనా మీ కడుపు మండిందా? 1990లో మండల్ పేరు చెవిన పడగానే మీ పిల్లలు చీపుర్లు పట్టి నడిరోడ్లు ఊడ్చారు. బూటు పాలిష్ డబ్బాలు ముందేసుకుని ఫొటోలు దిగారు. మా అమ్మానాన్నలు తరతరాలుగా కూటికోసం చేసిన పనిని మాకే వెక్కిరింపుగా ఆడి చూపించారు. సైనికుల పిల్లల కోటా మీద మాత్రం ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక్క చీపురు లేవలేదు.

లేవకపోవడం మంచిదే. లేవాలని మేమూ కోరడం లేదు. మేమడిగేది ఒకటే. మందుపాతర మీద అడుగేసింది తండ్రి. కాలు పోయింది తండ్రికి. సీటు మాత్రం బిడ్డకెందుకిస్తున్నారు? బిడ్డ రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి కదా, పోటీపడి చదువుకోవచ్చు కదా అని మీరెందుకు అనరు? ఎందుకంటే మీకూ తెలుసు, ఒంటిమీద పడ్డ దెబ్బ ఆ ఒక్క ఒంటితో ఆగదని. ఇంట్లో సంపాదించే చెయ్యి పడిపోతే బిడ్డ పుస్తకం మూతపడుతుందని, ఆ నష్టం పూడ్చే బాధ్యత సేవ చేయించుకున్న దేశానిదేనని మీరు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు కాబట్టే నోరెత్తలేదు. సరే, ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ముందు ఆ గాయపడ్డ సైనికుడి బాకీ అయినా ఈ సర్కార్లు సక్రమంగా తీరుస్తున్నాయా చూద్దాం.

బంగ్లాదేశ్ యుద్ధం 1971 డిసెంబరు 16న ముగిసింది. రెండ్రోజులు తిరక్కుండానే 18న లోక్‌సభలో ఒక ప్రకటన చేశారు. యుద్ధంలో చనిపోయిన, జాడలేకుండా పోయిన, వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు ప్రభుత్వానిదే అన్నారు. 1972 నుంచి ఆ పథకం అమల్లోకొచ్చింది. ట్యూషన్ ఫీజు, హాస్టలు ఖర్చు పూర్తిగా తిరిగి ఇవ్వడం, పుస్తకాలకూ యూనిఫారానికీ కొంత. తర్వాత శ్రీలంకకు పోయినవాళ్ళకూ, సియాచిన్ మంచులో పడినవాళ్ళకూ దాన్ని వర్తింపజేశారు. మంచి పథకమే. నలభై అయిదేళ్ళు నడిచింది. ఏడో వేతన కమిషను సిఫారసు చేసిందని 2017లో దాని గొంతు పిసికారు. 2017 జులై 1 నుంచి ట్యూషన్, హాస్టలు రెండూ కలిపి నెలకు 10,000 రూపాయలకు మించి ఇవ్వమన్నారు. జెండాలు పట్టుకుని సర్జికల్ స్ట్రైకుల పండగ చేసుకున్నది అంతకు ముందు ఏడాదే! చేతులు కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ పిల్లల ఫీజు దగ్గరికొచ్చేసరికి చిల్లర లెక్కపెట్టుకున్నారు. నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా స్వయంగా రక్షణమంత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. గోల పెరిగాక 2018 మార్చిలో ఆ పరిమితి ఎత్తేశారు.

చూడండి ఇక్కడ. అడ్మిరల్ రాశాడు కాబట్టి, పత్రికలు అరిచాయి కాబట్టి ఒక గోడ కూలింది. అడ్మిరల్ కంటికి ఆనని గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. అవి సిపాయి కాలికే తగులుతాయి.

మొదటి గోడ గాయం ఎక్కడ తగిలిందన్నది. పూర్తి ఫీజు తిరిగొచ్చేది 'యుద్ధ చర్యలో' వికలాంగుడైనవాడి పిల్లలకు. మరి శిక్షణలో గాయపడ్డవాడు? గస్తీ లేని రోజున కొండదారిలో ట్రక్కు బోల్తాపడి వెన్నెముక విరిగినవాడు? అతని గాయం ఏ ఖాతాలో పడుతుందో కాగితాలు తేల్చాలి. సీట్ల కోటాలోనూ అంతే. రక్షణ శాఖ వేసిన వరసలో యుద్ధంలో చనిపోయినవారి పిల్లలు మొదటివాళ్ళు, యుద్ధంలో వికలాంగులైనవారి పిల్లలు రెండోవాళ్ళు, సర్వీసులో ఉండగా సర్వీసు కారణంగా చనిపోయినవారి పిల్లలు మూడోవాళ్ళు, సర్వీసు కారణంగా వికలాంగులైనవారి పిల్లలు నాలుగోవాళ్ళు. చనిపోయినవాడికీ బతికినవాడికీ మధ్య వరస పెట్టారంటే అర్థం చేసుకోవచ్చు. ఒకే వెన్నెముక, ఒకే చక్రాల కుర్చీ. తూటా తగిలి విరిగితే రెండో వరస, లారీ కింద విరిగితే నాలుగో వరస. ఆ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లకి ఈ తేడా ఏం అర్థమవుతుంది?

ఆ నాలుగో వరసలోకి రావాలన్నా 'సర్వీసు కారణంగానే' అన్న ముద్ర పడాలి. ఇంగ్లీషులో ఎట్రిబ్యుటబుల్ అంటారు. ఈ ఒక్క మాట దగ్గర ఎన్ని ఇళ్ళు ఆగిపోయాయో! మెడికల్ బోర్డు కూర్చుని, జబ్బు నీ ఒంట్లో ముందు నుంచే ఉంది, సైన్యానికి సంబంధం లేదు అని రాసిపడేస్తే పెన్షనుకే కాదు, పిల్లల చదువుకీ తాళం పడుతుంది. చేర్చుకునేనాడు గుండె, కళ్ళు, పళ్ళు, పాదాలు అన్నీ కొలిచి, నిక్షేపంలా ఉన్నాడని తీసుకున్నది మీరే కదా! సరిగ్గా ఈ మాటే 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేరినప్పుడు జబ్బేదీ నమోదు కాకపోతే ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క, కాదని రుజువు చేయాల్సింది సైన్యమే, సైనికుడు కాదు అన్నది. తీర్పొచ్చి ఇన్నేళ్ళయినా సిపాయిలు అదే సంగతి మీద మళ్ళీ మళ్ళీ కోర్టులకు ఎక్కుతూనే ఉన్నారు. పైగా 2023 సెప్టెంబరులో కొత్త అర్హతా నియమాలు తెచ్చారు. వైకల్యపు పెన్షన్‌లో ఒక భాగానికి పేరే మార్చి 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అన్నారు. రిలీఫ్ అంట! వరద బాధితులకు పంచే పులిహోర పొట్లాం అనుకున్నారు కాబోలు.

రెండో గోడ డబ్బు చేతికొచ్చే పద్ధతి. ఫీజు తిరిగి ఇస్తామంటారు. తిరిగి ఇవ్వడమంటే ముందు కట్టాలి. కట్టి, రశీదులు తీసుకుని, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి, ఫారం నింపి పంపి, ఎదురుచూడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే మాట మన వాడల పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సర్కారు బకాయి పెడితే కాలేజీ సర్టిఫికెట్లు ఆపడం, పరీక్ష ముందు పిల్లల్ని నిలబెట్టి అడగడం మనకు తెలిసిన కథే. కల్నల్‌గారింట్లో ఒక ఏడాది ఫీజు ముందుగా కట్టి ఆర్నెల్లు ఆగగలరు. సిపాయి ఇంట్లో అదే ఫీజుకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవాలి. ఆ వడ్డీ ఏ పథకం తిరిగిస్తుంది? ఉత్తర్వు ఇద్దరికీ ఒకటే. బడి గేటు దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటి కారు. పుస్తకాలకూ నోటుబుక్కులకూ ఏడాది మొత్తానికి 2,000 రూపాయలని 2017 ఉత్తర్వులో రాశారు. ఇంటర్ పుస్తకాలు కొన్నవాళ్ళెవరైనా ఆ అంకె రాసినాయన్ని ఒకసారి దుకాణానికి తీసుకెళ్ళండి.

మూడో గోడ మార్కులు. ఇదైతే మరీ ఘోరం. 2006-07లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 5,500 మందికి. 2019-20 నుంచి ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. గాయపడ్డవాడి పిల్లలకు ప్రాధాన్యత ఉందంటారు. కానీ ఇంటర్లో 60 శాతం రాకపోతే గడప దాటనివ్వరు. పైగా ఇంజనీరింగు, మెడిసిన్, బీఎడ్ లాంటి వృత్తి కోర్సులకే. బీఏ చదువుతానంటే లేదు. తండ్రిని ఆసుపత్రి మంచం మీద తిప్పి పడుకోబెడుతూ, తమ్ముళ్ళకు వండి పెడుతూ, సర్కారు కాలేజీలో చదివిన పిల్లకి 58 శాతం వస్తే దేశం రుణం చెల్లిపోయిందా? తండ్రి ఆ రోజు కాలు పెట్టేముందు 60 శాతం లెక్క చూసుకున్నాడా? సీటు దగ్గర మెరిట్ అడగని దొరలు స్కాలర్‌షిప్ దగ్గర దాన్ని దొడ్డిదారిన తెచ్చి పెట్టారు.

ఇక హవల్దారు, అంతకన్నా కింది ర్యాంకుల మాజీ సైనికుల పిల్లలకు కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే గ్రాంటు. ఇద్దరు పిల్లల దాకా, తలకు నెలకు 1,000 రూపాయలు. ఎన్నో ఏళ్ళు ఆ అంకె దగ్గరే ఆగింది. 2025 నవంబరు 1 నుంచి 2,000 చేశారు. నూరు శాతం పెంచామని డప్పు కొట్టుకున్నారు. ఏ అంకెకు నూరు శాతమో చెప్పలేదు.

ఈ కాగితాలన్నీ మోసేదెవరో కూడా చెప్పుకోవాలి. కాలు లేనివాడు జిల్లా కేంద్రానికి బస్సెక్కి పోలేడు. అతని భార్య పోతుంది. డిశ్చార్జి పుస్తకం, మెడికల్ బోర్డు కాగితం, బోనఫైడ్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కూలి మానుకుని పోతుంది. పేరులో అక్షరం తేడా ఉంది, పార్ట్ టూ ఆర్డరులో రెండో బిడ్డ పేరెక్కలేదు, రేపు రా అంటారు. భర్త చనిపోతే సభల్లో శాలువా కప్పి 'వీరనారి' అంటారు. భర్త బతికి మంచాన పడితే ఆమెకు ఆ పేరు కూడా లేదు. ఆమె మాల పల్లె నుంచో మాదిగ గూడెం నుంచో వచ్చిందని ఊరు చెప్పగానే తెలిసిపోయాక కుర్చీ చూపించే క్లర్కులు ఎంతమంది? ఉత్తర్వులో ఎక్కడా కులం పేరు లేదు కదా అంటారు. లేదు నిజమే.

కులం పేరు రాయకుండానే కులాన్ని ఎట్లా కాపాడొచ్చో తెలియాలంటే ఒకసారి అమెరికా దాకా పోయి రావాలి. నల్లవాళ్ళ పోరాటం మనకు పరాయిది కాదు. 1972లో బొంబాయిలో మనోళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకుంది వాళ్ళని చూసే. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వృత్తి శిక్షణ ఇవ్వడానికి 1943లో ఒక చట్టం, తిరిగొచ్చిన సైనికులందరికీ చదువు, ఇంటి అప్పు ఇవ్వడానికి 1944 జూన్‌లో జీఐ బిల్లు అనే మరో చట్టం అక్కడ వచ్చాయి. లక్షలాది తెల్ల కూలీల పిల్లలు దాంతో కాలేజీ గడప తొక్కి మధ్యతరగతి అయ్యారు. ఆ చట్టంలో నల్లవాడికి లేదు అని ఒక్క అక్షరం లేదు. కానీ ప్రతినిధుల సభలో ఆ బిల్లును చూసిన కమిటీకి అధ్యక్షుడు మిసిసిపీ జాతివివక్షవాది జాన్ రాంకిన్. అమలంతా స్థానిక తెల్ల అధికారుల చేతుల్లో పెట్టారు. దక్షిణాది తెల్ల కాలేజీలు నల్లవాళ్ళను రానివ్వవు. నల్లవాళ్ళ కాలేజీల్లో చోటు చాలక దాదాపు 20,000 మంది మాజీ సైనికుల్ని వెనక్కి పంపారు. చేతిలో హక్కు ఉంది. కూర్చోవడానికి బెంచీ లేదు.

సార్జెంట్ ఐజాక్ వుడర్డ్ సంగతి వినండి. 1946 ఫిబ్రవరి 12న సైన్యం నుంచి డిశ్చార్జి అయ్యి యూనిఫారంలోనే బస్సెక్కి ఇంటికి పోతున్నాడు. ఒంటేలుకు ఆపమన్నందుకు డ్రైవరుతో మాటామాటా పెరిగింది. దక్షిణ కెరొలినాలోని బేట్స్‌బర్గ్‌లో పోలీసు అధికారి అతన్ని దించి లాఠీతో కొట్టి రెండు కళ్ళూ పోగొట్టాడు. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ అరగంటలో ఆ అధికారిని వదిలేసింది. కళ్ళు పోయింది డిశ్చార్జి అయిన కొన్ని గంటల తర్వాత కాబట్టి సర్వీసు గాయం కాదని పూర్తి వైకల్యపు పెన్షన్ నిరాకరించారు. మళ్ళీ అదే ముద్ర! గాయం కళ్ళెదుట ఉంటుంది, ఏ ఖాతాలో వెయ్యాలో తేల్చేవాడి చేతిలో కలం ఉంటుంది. కలం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి.

మన సైన్యంలో ఏ ర్యాంకులో ఏ కులం వాళ్ళెంతమంది ఉన్నారో సర్కారు లెక్క బయటపెట్టదు. సైన్యంలో కులం లేదంటారు. కులం లేని సైన్యంలో రాజ్‌పుట్ రెజిమెంటు, జాట్ రెజిమెంటు, డోగ్రా రెజిమెంటు ఉన్నాయి. 1943లో పెట్టిన చమార్ రెజిమెంటు మాత్రం బర్మాలో పోరాడి వచ్చాక 1946లో రద్దయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావాల్సొచ్చి 1917లో మహార్ల దళం పెట్టి, పని తీరాక 1921లో తీసేశారు. మళ్ళీ యుద్ధమొచ్చాక 1941లో పెట్టారు. సర్కారు చెప్పని లెక్క మీరే వేసుకోండి. మీ వాడ నుంచి సైన్యానికి పోయినవాళ్ళు ఏ ర్యాంకులో రిటైరై వచ్చారు? సిపాయి, నాయక్, హవల్దారు. మేజర్ ఎంతమంది, బ్రిగేడియర్ ఎంతమంది? వైకల్యపు పెన్షను ఆఖరి జీతంలో ఇంత శాతమని కడతారు కాబట్టి పోయిన కాలు ఒకటే అయినా ధర ర్యాంకును బట్టి ఉంటుంది. పెన్షను తక్కువున్న ఇంట్లోనే ఫీజు ముందు కట్టమంటున్నారు.

సిపాయి బిడ్డ చదువుకు విలువెంతో ఈ దేశానికి తెలియదంటే ఎట్లా? రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక బడిలో పద్నాలుగేళ్ళు హెడ్మాస్టరు. ఆనాటి సైన్యంలో సిపాయిల పిల్లలకు, ఆడపిల్లలకు కూడా చదువు తప్పనిసరి. ఊళ్ళో బడి గుమ్మం బయట నిలబెట్టిన జాతికి కంటోన్మెంటులో పలక దొరికింది. ఆ ఇంట్లో 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టినవాడే బాబాసాహెబ్. ఆ వెంటనే 1890ల మొదట్లో మహార్లు యోధజాతి కాదని తెల్లదొరలు సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. గోపాల్ బాబా వలంగ్కర్ లాంటి రిటైరైన సైనికులు అర్జీలు పెట్టుకున్నారు. ఉద్యోగం ఒక్కటే పోయిందనుకోకండి. ఒక తరం పిల్లలకు పలక పోయింది. రాంజీ సుబేదారు పెన్షను మీదే కొడుకును బొంబాయి దాకా తీసుకుపోయి చదివించాడు. సైన్యం, చదువు, మన విముక్తి ఈ మూడింటికీ ఉన్న ముడి అంత పాతది. అందుకే సిపాయి బిడ్డ ఫీజు సంగతి మనకు పక్కింటి గొడవ కాదు.

2022లో ఆ ముడిని ఇంకో పక్క నుంచి కోశారు. అగ్నిపథ్! పదిహేడున్నరేళ్ళ పిల్లవాణ్ణి తీసుకుని నాలుగేళ్ళు వాడుకుని, నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపే పథకం. పదో తరగతి పాసై, ఇంటర్ ఫీజు కట్టలేక సైన్యానికి పోయే పిల్లలు ఎవరి పిల్లలో వేరే చెప్పాలా? ఇరవయ్యేళ్ళకే ఒళ్ళు చెడితే వైకల్యం 100 శాతమైతే 44 లక్షలు, 75 అయితే 25, 50 అయితే 15 అని రేటు కార్డు వేశారు. మిగిలిన సర్వీసు జీతం కూడా కలిపి చేతిలో పెడతారట. జీవితాంతం వచ్చే పెన్షను లేదు. నాలుగేళ్ళు పూర్తిచేసి బయటికొచ్చినవాడికి మాజీ సైనికుడనే హోదా కూడా లేదని షరతుల్లోనే రాశారు. పైన చెప్పిన గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు చాలావరకు నిలబడింది ఆ ఒక్క హోదా మీదే. సర్వీసులో ఉన్నంతకాలం పెళ్ళి చేసుకోకూడదు కాబట్టి బిడ్డల బాధ్యత అసలే రాదు. దెబ్బతిన్న అగ్నివీరుడు తానే ఒక విద్యార్థి. ఇరవై రెండేళ్ళకు చక్రాల కుర్చీలో డిగ్రీ చదవాలనుకుంటే అతని ఫీజు ఎవరు కడతారు, ఎన్నేళ్ళు కడతారు? దేశభక్తి గీతాలు పాడేవాళ్ళు ఈ ప్రశ్నకు పల్లవి అందుకోరు.

ఇప్పుడు మొదట జ్ఞాపకం పెట్టుకోమన్న మాట దగ్గరికి రండి. సేవలో దెబ్బతిన్నవాడి బిడ్డ చదువు దేశం బాకీ అని మీరు ఒప్పుకున్నారు. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక పడిపోయి, ఊపిరితిత్తులు పాడై బయటికొచ్చినవాడు ఎవరి సేవలో దెబ్బతిన్నాడు? అతను దిగకపోతే మీ నగరం మూడ్రోజులు ముక్కు మూసుకోవాలి. సరిహద్దులో నిలబడ్డవాడు ఎంచుకుని పోయాడు. ఇతన్ని పుట్టుకే అక్కడికి తోసింది. బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవారికి 10 లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసి, శాశ్వత వైకల్యానికి 20 లక్షలు అని, పిల్లలకు చదువు కూడా చెప్పించాలని ఆదేశించింది. కోర్టు చెప్పింది, సరే. ఏ లోక్‌సభ ఏ డిసెంబరు 18న లేచి నిలబడి ఈ పిల్లల చదువు మాది అన్నది? వీళ్ళకు ఏ కౌన్సెలింగులో ఏ కోటా ఉంది? ఎస్సీ రిజర్వేషన్ ఉంది కదా అంటారా? ఆ మాట అనగానే మీ మెరిట్ నిద్ర లేస్తుంది. వెయ్యేళ్ళ గాయానికి ఇచ్చేది దానమైంది, ఒక రోజు గాయానికి ఇచ్చేది గౌరవమైంది. రెండూ బాకీలే అంటున్నాం మేము. సైనికుడిది తగ్గించమని అడగడం లేదు. అది కూడా పూర్తిగా కట్టమంటున్నాం.

ఎట్లా కట్టాలో కూడా చెబుతాం. గాయపడ్డవాడి బిడ్డ ఫీజు ఏడాది మొదట్లోనే సర్కారు నేరుగా బడికి కట్టాలి. రశీదుల బేరం ఉండకూడదు. పిల్లల చదువు దగ్గర యుద్ధంలో గాయం, సర్వీసులో గాయం అన్న తేడా ఎత్తేయాలి. 60 శాతం షరతు వికలాంగ సైనికుల పిల్లలకు వర్తించకూడదు. బీఏకూ ఐటీఐకీ కూడా ఇవ్వాలి. దెబ్బతిన్న అగ్నివీరుడికి మాజీ సైనికుడి హోదా, తనకు కావాల్సినంత చదువు. మురుగు కాలవలో చనిపోయిన, దెబ్బతిన్న కార్మికుల పిల్లలకు ఇవే హక్కులు కోర్టు దయ మీద కాకుండా చట్టంగా రావాలి. ఈ పథకాల్లో ఏ ర్యాంకు వాళ్ళకు, ఏ కులం వాళ్ళకు ఎంత చేరిందో ఏటా అచ్చు వెయ్యాలి.

మన వాడల్లో గాయపడి తిరిగొచ్చిన సైనికుల ఇళ్ళకు ఈ పక్షంలోనే పోండి. ఏ అర్జీ పెట్టారో, ఎక్కడ ఆగిందో అడిగి రాసుకోండి. నోటిమాటతో పొమ్మంటే కదలొద్దని, ఎందుకివ్వరో రాసిమ్మని అడగమనండి. రాసివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అర్జీ పెట్టించండి. సర్వీసుకు సంబంధం లేదని మెడికల్ బోర్డు కొట్టేసిన కాగితాలుంటే 2013 నాటి ధరంవీర్ సింగ్ తీర్పు నకలు జతచేసి పై అధికారులకు అప్పీలు చేయించండి. అక్కడా కాకపోతే సైనిక దళాల ట్రిబ్యునల్ ఉంది, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికొస్తాయి. దారి ఖర్చు లేని ఇంటికి సంఘం చందా వేసుకుని పంపాలి. ఆ ఇంటి తల్లి ఒక్కతే పోకుండా తోడుగా ఇద్దరు చదువుకున్న పిల్లలు పోవాలి.